రాబెన్ ద్వీపపు ఒంటరి ఖైదీ: రాబర్ట్ సొబుక్వే

ప్రకటన గ్రంథము చదివేటప్పుడు మనలో చాలమంది మొదటి అధ్యాయములోని ఒక చిన్న సంగతిని త్వరగా దాటి వెళ్ళిపోతాము. యోహాను ఆ దర్శనములు చూచినది దేవాలయములో కాదు, పత్మాసు ద్వీపములో. తమకు గిట్టని మాట చెప్పేవానిని సముద్రము మధ్యన పెట్టి, లోకము వానిని మరచిపోయేటట్లు చేయడము ఏలికలకు ఏనాటినుండో తెలిసిన విద్యయే. పత్మాసు వంటి ద్వీపములు ప్రతి యుగములోను ఉన్నవి. మన దేశములో అండమాను ఉన్నది. అల్లూరి సీతారామరాజు గారి వెంట నడచిన మన్యపు వీరులు కొందరు అక్కడికే పంపబడ్డారు. దక్షిణాఫ్రికాలో రాబెన్ ద్వీపము ఉన్నది.

కొన్ని సంవత్సరముల క్రితము సంఘ పని మీద ఆ దేశము వెళ్ళే భాగ్యము మాకు కలిగింది. మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సంచికకు వ్యాసము వ్రాయమని సంపాదక వర్గము వారు కోరినప్పుడు, మన తొలి మిషనరీలలో ఎవరి జీవితమైనా వ్రాయుదుమని మొదట తలచాము. అయితే ఆ పనికి మాకంటె యోగ్యులైన పెద్దలు మనలో ఉన్నారు. కనుక ఆ ద్వీపములో మేము చూచిన ఒక చిన్న ఇంటిని గురించి, అందులో ఆరు సంవత్సరములు ఏకాంతముగా ఉంచబడిన ఒక మెథడిస్టు లే ప్రీచరును గురించి వ్రాయ సాహసిస్తున్నాము. ఇది మన శతాబ్ది ఉత్సవమునకు ఏ విధముగా సంబంధించినదో చదువరులు చివర గ్రహించగలరు.

దక్షిణాఫ్రికా మన తెలుగు క్రైస్తవులకు పూర్తిగా పరాయి దేశము కాదు. 1860 నుండి నేటాలు చెరకు తోటలకు మద్రాసు రేవులో ఓడ ఎక్కి వెళ్ళిన కూలీలలో మన తెలుగువారు ఎందరో ఉన్నారు. వారికి వారి భాషలో సువార్త చెప్పడానికి 1903లో నెల్లూరు ప్రాంతము నుండి తెలుగు బాప్టిస్టు సేవకులు రెవరెండ్ జాన్ రంగయ్య గారు అక్కడికి వెళ్ళారు. ఆ కూలీల మనుమలు, మునిమనుమలు కూడ, మనిషిని పుట్టుకను బట్టి విభజించే చట్టముల క్రింద నలిగినవారే.

కేప్‌టౌన్ రేవులో పడవ ఎక్కితే ముప్పావు గంట లోపుగానే రాబెన్ ద్వీపము చేరవచ్చును. డచ్చి భాషలో ఆ పేరునకు సీలు జంతువుల ద్వీపమని అర్థము. వైశాల్యము సుమారు 5 చదరపు కిలోమీటర్లు. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. వెనుకకు తిరిగి చూస్తే పట్టణము, దాని వెనుక బల్లవలె చదునైన కొండ స్పష్టముగా కనబడతాయి. ఆ కనబడడమే ఖైదీకి పెద్ద శిక్ష అని మాకు తోచింది. కనబడే తీరమును చేరలేడు. 1819లో బ్రిటిషువారు ఇక్కడ ఉంచిన ఖోసా జాతి నాయకుడు మఖండా పడవలో తప్పించుకోబోయి, ఆ తీరము చేరవలసిన చోటనే మునిగి మరణించాడు.

పదిహేడవ శతాబ్దములో డచ్చివారు మొదలుకొని ఎవరికి ఎవరు అక్కరలేకపోతే వారిని ఇక్కడకు పంపడము ఆచారమైపోయింది. 1846 నుండి ఇది ఆసుపత్రి ద్వీపము. కుష్ఠు రోగులను, మతి చలించినవారిని, తీరని జబ్బుల బీదలను తెచ్చి ఇక్కడ దింపారు. 1892 తరువాత కుష్ఠు రోగులు ఇష్టమున్నా లేకున్నా రావలసినదే. 1931లో వారిని వేరొక చోటికి మార్చేవరకు వందలమంది ఇక్కడనే కన్నుమూశారు. వారి సమాధులు ఇప్పటికీ ఉన్నవి. వారు ఆరాధించిన మంచి కాపరి దేవాలయమును 1895లో కట్టారు. దాని నమూనా గీసినవారు హెర్బర్ట్ బేకర్. తరువాత మన ఢిల్లీలో సెక్రటేరియట్ భవనములు కట్టినది ఆయనే. ఆ గుడిలో బల్లలు ఉండేవి కావు. రోగులు నిలబడియో, పండుకొనియో ఆరాధన చేసేవారు. ఆ గుడి ఎదుట మేము కొంతసేపు తల వంచి నిలిచాము.

రెండవ ప్రపంచ యుద్ధములో ఈ ద్వీపము ఫిరంగుల స్థావరమైంది. 1961 నుండి మరల చెరసాల. నెల్సన్ మండేలా గారు తమ 27 సంవత్సరముల చెరలో 18 సంవత్సరములు ఇక్కడనే గడిపారు. 1991లో చివరి రాజకీయ ఖైదీలు విడుదలయ్యారు. 1997లో దీనిని మ్యూజియముగా తెరిచారు. యాత్రికులందరు మండేలా గారి గదిని చూడడానికే తొందరపడతారు. మేమును అట్లే తొందరపడినవారమే. దారిలో బస్సు ఒక కంచె వద్ద కొద్ది నిమిషములు ఆగింది. కంచె లోపల ఒక చిన్న ఇల్లు, దగ్గరలోనే కాపలా కుక్కల కొట్టములు. అది సొబుక్వే ఇల్లు అని చెప్పారు. ఆ కొద్ది నిమిషములే మమ్మును ఇంటికి వచ్చిన తరువాత కూడ వదలలేదు. ఆయన జీవితమును గూర్చి దొరికినంత చదివాము. ఆ సంగతులను ఇక్కడ క్లుప్తముగా మనవి చేస్తాము.

రాబర్ట్ మంగలిసో సొబుక్వే 1924 డిసెంబరు 5న గ్రాఫ్ రైనెట్ అనే ఊరిలో జన్మించారు. తండ్రి కూలి పని చేసేవారు. తల్లి ఇండ్లలో పనిచేసి, తరువాత ఆసుపత్రిలో వంట చేశారు. బీద కుటుంబమే గాని భక్తి గల మెథడిస్టు కుటుంబము. తలిదండ్రులకు చదువు తక్కువ, పిల్లల చదువు మీద ఆశ మాత్రము ఎక్కువ. అన్నలలో ఒకరు తరువాత ఆంగ్లికన్ సంఘములో బిషప్పు పదవికి వచ్చారు. రాబర్ట్ గారు హీల్డ్‌టౌన్ మెథడిస్టు మిషను పాఠశాలలో చదివారు. అక్కడ క్షయ వ్యాధి సోకి చదువు కొంత కుంటుపడినది. కోలుకొని, 1947లో ఫోర్ట్ హేర్ కళాశాలలో చేరారు. 1949లో విద్యార్థి సంఘ అధ్యక్షులయ్యారు. మిషనరీలు పెట్టిన బడులలో చదివి, అదే మిషనరీల పెత్తనమును మర్యాదగా ప్రశ్నించడము అక్కడనే నేర్చుకొన్నారు. మన మిషను బడులలో చదివిన పెద్దలకు ఈ అనుభవము క్రొత్త కాదు.

తరువాత స్టాండర్టన్ పట్టణములో ఉపాధ్యాయులుగా పనిచేస్తూ మెథడిస్టు సంఘములో లే ప్రీచరుగా వాక్యము బోధించారు. 1954లో వెరోనికా జొడ్వా గారిని వివాహమాడారు. ఆమె నర్సు. ఆ సంవత్సరమే జొహానెస్‌బర్గులోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయములో ఆఫ్రికా భాషల విభాగములో ఉద్యోగము దొరికింది. నల్లజాతి వానికి అది ఆనాడు అరుదైన గౌరవము. నలుగురు బిడ్డలు, స్థిరమైన జీతము, తోటివారు ప్రొఫెసరు అని పిలిచే మర్యాద. అంతటితో తృప్తిపడి ఉంటే ఆయన పేరు ఈ రోజున మనకు తెలిసేది కాదు.

1959 ఏప్రిలులో ఆయన నాయకత్వమున పాన్ ఆఫ్రికనిస్టు కాంగ్రెసు ఏర్పడింది. మండేలా గారి ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసుతో ఆయనకు అభిప్రాయ భేదము వచ్చింది. అణగారినవారు తమ విమోచనకు తామే నడుము కట్టవలెననియు, ఇతరుల చేయి పట్టుకొని నడిచినంత కాలము బానిస మనస్సు పోదనియు ఆయన నమ్మకము. ఆయన తెల్లవారిని ద్వేషించారని కొందరు అన్నారు. అది పొరపాటు. భూమి మీద ఉన్న జాతి ఒక్కటే, అది మానవ జాతి అని ఆయన బహిరంగముగా బోధించారు. చివరి వరకు ఆయనకు ప్రాణ స్నేహితుడుగా ఉన్న పత్రికా విలేఖరి బెంజమిన్ పోగ్రండ్ తెల్లజాతి యూదుడు.

ఆ దేశములో నల్లవారు పదహారేండ్లు దాటితే పాసు పుస్తకము లేకుండ వీధిలో నడవరాదు. పాసు లేనివాడు అప్పటికప్పుడు జైలుకే. 1960 మార్చి 21న పాసులు ఇంటి వద్ద వదలి పోలీసు స్టేషనులకు వెళ్ళి, మమ్మును అరెస్టు చేయుడని అడుగవలసినదిగా సొబుక్వే గారు ప్రజలను కోరారు. ఎవరూ చేయి ఎత్తరాదని కట్టడి చేశారు. శాంతముగా జరుగుతుందని పోలీసు ఉన్నతాధికారికి ముందుగానే ఉత్తరము వ్రాశారు. విశ్వవిద్యాలయ ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చారు. ఆ సోమవారము ఉదయము భార్యాబిడ్డలకు వీడ్కోలు చెప్పి, కొద్దిమంది తోడు రాగా, కొన్ని మైళ్ళు నడచి ఓర్లాండో పోలీసు స్టేషనుకు వెళ్ళి తమను తాము అప్పగించుకొన్నారు.

అదే రోజున షార్ప్‌విల్ అనే చోట స్టేషను ఎదుట గుమికూడిన ప్రజల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క ప్రకారము 69 మంది మరణించారు, 180 మందికి పైగా గాయపడ్డారు. అనేకులకు గుండ్లు వీపున తగిలినవి. పారిపోతున్నవారిని కాల్చారని దీని అర్థము. లోకమంతా నివ్వెరపోయింది. ఏప్రిలులో రెండు కాంగ్రెసులను నిషేధించారు. తరువాతి సంవత్సరములలో సొబుక్వే గారి అనుచరులు కొందరు పోకో అనే పేరుతో హింసకు దిగిన మాట వాస్తవము. దానిని మేము దాచము. అప్పటికి ఆయన చెరలో ఉన్నారు.

న్యాయస్థానములో ఆయన న్యాయవాదిని పెట్టుకొనలేదు. తాము చేయుటలో పాలు లేని చట్టమునకు తాము లోబడజాలమని చెప్పి, అప్పీలు కూడ చేయలేదు. మూడు సంవత్సరముల కఠిన శిక్ష పడింది. అది 1963 మే 3న ముగియవలసి ఉన్నది. భార్య ఎదురు చూస్తున్నది. ఆ వారములోనే పార్లమెంటు ఒక క్రొత్త చట్టము చేసింది. శిక్ష పూర్తిచేసిన ఖైదీని మంత్రిగారు అవసరమనుకొంటే ఇంకా నిర్బంధములో ఉంచవచ్చును, ప్రతి సంవత్సరము పొడిగించవచ్చును అని అందులోని నిబంధన. దానిని ఒక్కరి మీదనే ఉపయోగించారు. కనుక అది సొబుక్వే నిబంధన అనియే చరిత్రలో నిలిచిపోయింది. ఒక్క మనిషికి భయపడి ఒక రాజ్యము చట్టము వ్రాసుకొనడము మేము మరెక్కడ వినలేదు.

ఆ విధముగా ఆయనను రాబెన్ ద్వీపమునకు తెచ్చి, మేము చూచిన ఆ ఇంటిలో పెట్టారు. ఆయనను కొట్టలేదు. రాళ్ళు కొట్టించలేదు. సొంత బట్టలు కట్టుకోనిచ్చారు, పుస్తకములు చదువుకోనిచ్చారు. ఆయన ఉత్తర ప్రత్యుత్తరముల ద్వారా చదివి లండను విశ్వవిద్యాలయము నుండి అర్థశాస్త్రములో పట్టము కూడ పొందారు. ఒకటే తక్కువ చేశారు. మాట్లాడడానికి మనిషి లేడు. తోటి ఖైదీలతో మాట్లాడరాదు. కాపలావారు ఆయనతో మాట్లాడరాదు. అపుడపుడు వచ్చిన బంధుమిత్రులు వెళ్ళిపోతే మరల నెలల తరబడి నిశ్శబ్దమే. పార్లమెంటు సభ్యురాలు హెలెన్ సుజ్మన్ గారు చూడబోయినప్పుడు, మాట్లాడడము మరచిపోతున్నానని ఆయన చెప్పుకొన్నారట. వాక్యము ప్రకటించిన గొంతు వాడుక లేక తడబడుతున్నది.

సున్నపురాతి గని పనికి వెళ్ళే ఖైదీలు అపుడపుడు ఆ కంచె ప్రక్కగా నడిచేవారు. వారిని పలకరించే వీలు లేదు. అప్పుడు సొబుక్వే గారు వంగి గుప్పెడు మట్టి తీసి, వారు చూస్తుండగా వ్రేళ్ళ సందున జారవిడిచేవారు. మనము ఈ మట్టి బిడ్డలము అని దాని భావము. ఆ ఖైదీలకు అర్థమయ్యేది. ఆరు సంవత్సరములు ఆయన చేసిన ప్రసంగము అదే.

1969లో ద్వీపము విడిపించారు గాని స్వేచ్ఛ ఇవ్వలేదు. ఆయనకు ఏ సంబంధము లేని కింబర్లీ పట్టణములో గలేషెవే అనే పేటకు పంపారు. ప్రొద్దు క్రుంకినది మొదలు తెల్లవారేవరకు ఇల్లు కదలరాదు. అమెరికా విశ్వవిద్యాలయములు ఉద్యోగములిచ్చి పిలిచినా దేశము విడిచి వెళ్ళనీయలేదు. ఆయన పలికిన మాటను పత్రికలో అచ్చువేయడము నేరము. అక్కడ కూడ ఆయన ఊరకుండలేదు. న్యాయశాస్త్రము చదివి, 1975లో చిన్న ఆఫీసు తెరచి బీదల వ్యాజ్యములు చూచారు. 1977లో ఊపిరితిత్తులలో క్యాన్సరు బయటపడింది. వైద్యమునకు మరో ఊరు వెళ్ళవలెనన్నా ప్రభుత్వపు అనుమతి కావలెను. 1978 ఫిబ్రవరి 27న, 53వ యేట, ప్రభువునందు నిద్రించారు. పుట్టిన ఊరిలోనే ఆయనను సమాధి చేశారు. భార్య వెరోనికా గారు మరి నలువది సంవత్సరములు జీవించి 2018లో కాలధర్మము చెందారు.

ప్రియులారా, ఇంతవరకు చెప్పినది ఒక దుష్ట ప్రభుత్వపు కథ వలె ఉన్నది. అయితే ఆ ప్రభుత్వమునకు వేదాంతము నేర్పినది ఎవరు? ఒక క్రైస్తవ సంఘమే. 1829లో కేపు ప్రాంతపు డచ్చి రిఫార్మ్‌డ్ సినడ్ వారు రంగు భేదము లేకుండ అందరికీ ప్రభువు బల్ల ఒక్కటే అని సరిగానే తీర్మానించారు. 1857లో అదే సినడ్, కలిసి ఆరాధించడము లేఖన సమ్మతమే అయినా, కొందరి బలహీనతను బట్టి వేరువేరు స్థలములలో ఆరాధన జరుపుకొనవచ్చునని అనుమతించింది. చిన్న సడలింపు. ఎవరినీ నొప్పించకూడదనే సదుద్దేశము. 1881 నాటికి వేరు సంఘమే ఏర్పడింది. 1948లో జాతి విభజనను రాజ్య విధానముగా తెచ్చిన ప్రధానమంత్రి మలాన్ గారు అంతకుముందు అదే సంఘములో గురువు. సొబుక్వే నిబంధన తెచ్చిన న్యాయశాఖ మంత్రి ఫోర్‌స్టర్ గారి సోదరుడును ఆ సంఘములో పేరుపొందిన గురువే. ప్రభువు బల్ల దగ్గర వేసిన గీత, వందేండ్లు తిరిగేసరికి బస్సులో, బడిలో, శ్మశానములో, చివరకు ఆ ద్వీపపు కంచెగా మారింది. 1982లో ప్రపంచ రిఫార్మ్‌డ్ సంఘముల కూటమి ఆ బోధను అబద్ధ బోధగా ప్రకటించింది. 1990లో ఆ సంఘపు వేదాంత పండితుడు విల్లీ యోంకర్ గారు రుస్టెన్‌బర్గు సమావేశములో అందరి ఎదుట పాపము ఒప్పుకొన్నారు.

1857 నాటి ఆ తీర్మానమును చదివినప్పుడు మా కన్నులు ఆ మాట మీదనే నిలిచిపోయినవి. కొందరి బలహీనత. ఆ మాటను మేమును ఒకప్పుడు వాడినవారమే.

గురు పట్టము పొందిన తొలి సంవత్సరములలో మేము ఒక గ్రామ పాస్టరేటులో ఉండేవారము. రెండు పేటలు, ఒకే గుడి. ఒక పేట అబ్బాయి, మరొక పేట అమ్మాయి, ఇద్దరు కన్ఫర్మేషను పొందినవారే, వివాహ ప్రకటన చదువుమని వచ్చారు. ఆ రాత్రి రెండు పేటల పెద్దలు, వేరువేరుగా, మా ఇంటికి వచ్చారు. ప్రకటన చదివితే సంఘము చీలిపోతుందన్నారు. బలహీనులు తొట్రిల్లుతారన్నారు. మేము కాదనలేదు, చదువుతామనియు అనలేదు. అమ్మాయి బాప్తిస్మపు రిజిస్టరులో తండ్రి పేరు ఒక అక్షరము తేడాగా ఉన్నదని, దిద్దుబాటు అయ్యేవరకు ఆగవలెనని చెప్పాము. రెండు నెలలు గడిచినవి. వారు పట్టణము పోయి రిజిస్ట్రారు ఆఫీసులో పెండ్లి చేసుకొన్నారు. మరల గుడి గడప తొక్కలేదు. పెద్దలు మమ్మును మెచ్చుకొన్నారు. దానిని మేము సమాధానము అనుకొన్నాము.

దక్షిణాఫ్రికా నుండి వచ్చిన తరువాత వారి ఇల్లు వెదకుకొంటూ వెళ్ళాము. ఇద్దరు పిల్లలు. మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చారు. మేము క్షమాపణ అడిగాము. భర్త తల పంకించారు గాని ఏమీ అనలేదు. ఆమె మాత్రము ఆ రిజిస్టరులో తన తండ్రి పేరు దిద్దారా అని అడిగింది. దిద్దలేదు. ఇన్ని సంవత్సరములు ఎవరికీ జ్ఞాపకము రాలేదు. తరువాతి వారములో ఆ పాస్టరేటుకు వెళ్ళి, ప్రస్తుత గురువుగారి సమ్మతితో ఆ అక్షరము దిద్దించి, సర్టిఫికెట్టు తీసుకొని వెళ్ళి ఆమె చేతికి ఇచ్చాము. ఆమె దానిని పెట్టెలో భద్రము చేసింది. వారు ఇంకను ఏ గుడికి వెళ్ళడము లేదు. వెళ్ళుడని చెప్పే ధైర్యము మాకు రాలేదు.

నూరు సంవత్సరముల ఉత్సవమునకు మనము గుడులకు సున్నము వేసుకొంటున్నాము, పందిళ్ళు వేసుకొంటున్నాము. అది తగినదే. దానితోపాటు ప్రతి పాస్టరేటులోను వెస్ట్రీ బీరువా తెరచి పాత రిజిస్టరులను చూడవలెనని మా మనవి. అందులో వ్రాసిన పేర్ల కొరకు దేవుని స్తుతించుదము. వ్రాయబడకుండ ఆగిపోయిన పేర్లు కూడ ప్రతి ఊరిలోను ఉంటవి. ఏ సాకు మీద ఆగినవో పెద్దలకు తెలుసును. ఆ ఇండ్లు ఇంకను ఆ ఊళ్ళలోనే, లేదా ప్రక్క పట్టణములలోనే ఉన్నవి. వాటిని చేరడానికి పడవ ఎక్కవలసిన పని లేదు. వెళ్ళి తలుపు తట్టడానికి ప్రభువు మనకు కృప అనుగ్రహించును గాక. ఆమెన్.